ఆట – అర్థం

ఉద్దేశం

ఆధునిక సాంకేతిక పరిజ్ఞానం ఒక్క వ్యక్తి చేతికి ఎంతటి సృజనశక్తిని అందించిందో, ఆ శక్తి వల్ల సమకూరిన సంపద ఆ వ్యక్తి జీవితాన్ని ఏ విధంగా మార్చిందో విద్యార్థులకు తెలియజేయడం, ధనాన్ని గురించి తొందరపడక ఆలోచించి అభిప్రాయం ఏర్పరచుకొనే అలవాటును పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ నేపథ్యం

కంప్యూటర్, స్మార్ట్‌ఫోన్ నిత్యావసర వస్తువులైన ఈ కాలంలో వీడియో గేమ్ ఒక పెద్ద పరిశ్రమగా ఎదిగింది. పెద్ద సంస్థల అండ లేకుండా ఒకరో, కొద్దిమందో కలిసి రూపొందించే ఆటలను 'ఇండీ గేమ్స్' అంటారు. వీటినే స్వతంత్ర క్రీడలు అనవచ్చు. స్వీడన్, వియత్నాం, అమెరికా దేశాలకు చెందిన ముగ్గురు క్రీడాకర్తల వృత్తాంతాలను ఆధారంగా చేసుకొని సంపద స్వరూపాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

పాఠ్యభాగం

'అర్థం' అనే మాటకు ధనమని ఒక అర్థం, భావమని మరొక అర్థం ఉన్నాయి. పురుషార్థాలను లెక్కించేటప్పుడు మన పూర్వులు అర్థాన్ని ధర్మానికి తరువాత, కామానికి ముందు నిలిపారు. వారు ధనాన్ని తక్కువ చేయలేదు. అలాగని దానిని ఒంటరిగానూ విడిచిపెట్టలేదు. ముందు ధర్మం, చివర మోక్షం ఉన్న వరుసలో దానికి ఒక స్థానం కల్పించారు. ధనం, భావం ఒకే మాటలో ఇమిడి ఉండటం భాషలో జరిగిన యాదృచ్ఛిక సంఘటన కావచ్చు. అయినా సంపాదించిన అర్థానికి అర్థమేమిటి అన్న ప్రశ్న ప్రతి తరానికీ ఎదురవుతూనే ఉన్నది. పిల్లల కాలక్షేపంగా పెద్దలు చులకన చేసే వీడియో గేముల రంగంలో ఈ ప్రశ్న ముగ్గురు వ్యక్తులకు ఇటీవల బలంగా ఎదురైంది. వారు ముగ్గురూ మూడు సమాధానాలు చెప్పారు.

కృతిభర్త లేని కృతికర్తలు

కళాకారుడు తన కళతో ఎట్లా జీవించాలి అన్నది పాత సమస్యే. పూర్వం కవులు తమ కావ్యాలను రాజులకో, మంత్రులకో, ధనవంతులకో అంకితమిచ్చి జీవనోపాధి పొందేవారు. శ్రీనాథుడు కాశీఖండాన్ని రెడ్డిరాజైన వీరభద్రారెడ్డికి, హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టి అనే వర్తకునికి అంకితమిచ్చాడు. పోతన మాత్రం భాగవతాన్ని నరులకు ఇవ్వక శ్రీరామునికి సమర్పించాడు. కృతిభర్త ఉన్న కవికి భుక్తి ఉండేది. కృతిభర్తను కోరని కవికి స్వేచ్ఛ ఉండేది. ఈ రెండూ ఒకే చోట దొరకడం అరుదు.

ఇరవయ్యవ శతాబ్దిలో వీడియో గేములు తయారుచేసేవారి పరిస్థితి కూడా చాలావరకు ఇదే. ఆటను తయారుచేయడం ఒక ఎత్తు, దానిని కొనేవారి ఇంటికి చేర్చడం మరొక ఎత్తు. కార్ట్రిడ్జిలు, డిస్కులు అచ్చుకొట్టించాలి. వాటిని పెట్టెలలో కూర్చి దుకాణాలకు పంపాలి. ప్రకటనలు ఇవ్వాలి. ఇంత పెట్టుబడి పెట్టగలిగినవి ప్రచురణ సంస్థలు మాత్రమే. కనుక ఎటువంటి ఆట రావాలో, ఎప్పుడు రావాలో నిర్ణయించే అధికారం వాటి చేతిలోనే ఉండేది.

ఇంటింటికీ ఇంటర్నెట్ చేరిన తరువాత ఈ ఏర్పాటు మారిపోయింది. 2003లో వాల్వ్ అనే అమెరికన్ సంస్థ 'స్టీమ్' పేరుతో ఒక ఆన్‌లైన్ వేదికను ప్రారంభించింది. మొదట తన ఆటలనే అందించినా, క్రమంగా ఇతరుల ఆటలకు కూడా అందులో చోటు కల్పించింది. 2007లో ఐఫోన్‌ను విడుదల చేసిన ఆపిల్ సంస్థ 2008 జూలైలో 'యాప్ స్టోర్'ను తెరిచింది. ప్రపంచంలో ఎవరైనా ఒక ఆటను రూపొందించి అందులో ఉంచవచ్చు. అమ్మకం మీద వచ్చిన ప్రతి 100 రూపాయలలో 30 రూపాయలు దుకాణానికి, 70 రూపాయలు కర్తకు చెందడం అప్పటి ఏర్పాటు. అచ్చు లేదు, పెట్టె లేదు, లారీ లేదు. గదిలో కూర్చొని తయారుచేసిన వస్తువు మరునాటికి ఖండాంతరాలలోని కొనుగోలుదారుల చేతిలో ఉంటుంది. భుక్తి, స్వేచ్ఛ ఒకే చోట దొరికే అవకాశం ఈ విధంగా ఏర్పడింది. అయితే ఆ భుక్తి ఊహకు అందనంతగా పెరిగినప్పుడు ఏమవుతుందో ఎవరూ ముందుగా ఆలోచించలేదు.

సర్వం పొందినవాడు

మార్కస్ పెర్సన్ 1979లో స్వీడన్ దేశంలోని స్టాక్‌హోమ్‌లో జన్మించాడు. ఏడెనిమిదేళ్ల ప్రాయంలోనే ఇంట్లో ఉన్న కమడోర్ కంప్యూటర్ మీద ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. పెద్దయ్యాక ప్రోగ్రామర్‌గా ఉద్యోగాలు చేస్తూనే తీరిక వేళల్లో సొంత ఆటలు తయారుచేసేవాడు. అట్లా తయారైన వాటిలో ఒకటి 'మైన్‌క్రాఫ్ట్'. దాని తొలి రూపాన్ని 2009 మే నెలలో ఇంటర్నెట్‌లో అందరికీ అందుబాటులో ఉంచాడు.

ఈ ఆటలో లోకమంతా ఘనాలతో నిర్మితమై ఉంటుంది. మట్టి, రాయి, చెట్టు, నీరు అన్నీ ఘనాలే. ఆడేవారు వాటిని తవ్వవచ్చు, కూడబెట్టవచ్చు, ఒకదానిపై ఒకటి పేర్చి గుడిసె మొదలుకొని కోట వరకు ఏదైనా కట్టవచ్చు. ఫలానా పని చేసి తీరాలన్న నిర్బంధం లేదు. ఇసుకలో ఇల్లు కట్టుకొనే బాల్యక్రీడకు ఇది యంత్రరూపం. ఆట పూర్తికాకముందే కొద్దిపాటి ధరకు అమ్మడం పెర్సన్ అనుసరించిన పద్ధతి. కొన్నవారు లోపాలు చెప్పేవారు, కోరికలు కోరేవారు. అతడు సవరించేవాడు. కర్తకూ పాఠకునికీ నడుమ ఉండే దూరం ఇక్కడ దాదాపుగా లేకుండా పోయింది.

2010లో పెర్సన్ ఇద్దరు మిత్రులతో కలిసి మోజాంగ్ అనే సంస్థను స్థాపించాడు. 2011 నవంబరులో ఆట పూర్తిరూపం వెలువడింది. ఆ సంవత్సరానికి తనకు లభించిన దాదాపు 30 లక్షల డాలర్ల లాభాంశాన్ని అతడు 2012లో సంస్థ ఉద్యోగులకు పంచిపెట్టాడు. ధనవ్యామోహం ఉన్నవాడు చేసే పని కాదది. అయితే ఆటతో పాటు బాధ్యత కూడా పెరిగింది. కోట్లమంది ఆడే వస్తువు విషయంలో చిన్న నియమం మార్చినా పెద్ద కలహం పుట్టేది. నిందలన్నీ అతని పేరుకే చేరేవి. 2014 జూన్‌లో విసిగిపోయిన పెర్సన్ తన వాటాను ఎవరైనా కొంటారా అని ట్విట్టర్‌లో అడిగాడు. ఆ ఏడాది సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ మోజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకు కొనుగోలు చేస్తున్నట్లు ప్రకటించింది. ఇది ధనం కోసం చేసిన పని కాదని, మనశ్శాంతి కోసం చేసిన పని అని పెర్సన్ తన వీడ్కోలు లేఖలో స్పష్టం చేశాడు.

ఆ డిసెంబరులో అతడు అమెరికాలోని బెవర్లీ హిల్స్ ప్రాంతంలో 7 కోట్ల డాలర్లు చెల్లించి ఒక భవనం కొన్నాడు. విందులు జరిగాయి, ప్రముఖులు వచ్చారు. సంవత్సరం తిరగకముందే, 2015 ఆగస్టులో, అతడు తన ఒంటరితనాన్ని ట్విట్టర్‌లోనే బయటపెట్టాడు. కోరినవన్నీ లభించిన తరువాత ప్రయత్నించడానికి కారణం మిగలడం లేదని, సంపదలోని అంతరం వల్ల ఇతరులతో సమానంగా మెలగడం సాధ్యం కావడం లేదని అతని మాటల సారాంశం. వెంటనే మరొక మాట కూడా అన్నాడు. నిజమైన కష్టాలలో ఉన్నవారికంటే కొత్తగా ధనవంతుడైన ఒక ప్రోగ్రామర్ గోడుకు లోకం ఎక్కువ విలువ ఇస్తున్నందుకు క్షమాపణ కోరాడు.

ఈ చివరి మాటను విస్మరించి, ధనమే దుఃఖకారణమని తీర్మానించడం న్యాయం కాదు. ఆకలి తీరనివానికి ధనం దుఃఖాన్ని తీర్చే మందే. పెర్సన్ పోగొట్టుకున్నది పని. ఉదయం లేవగానే ఎదురుచూసే ఒక అసంపూర్ణమైన ఆట, దానిని గురించి పోట్లాడే ఆటగాళ్లు, సరిచేయవలసిన లోపాలు, ఇవన్నీ ఒక్క సంతకంతో అతనికి దూరమయ్యాయి. కలహం పోయింది. కలహంతో పాటు అనుబంధం కూడా పోయింది. అతడు విడిచిన మైన్‌క్రాఫ్ట్ మాత్రం ఆగలేదు. 2023 నాటికి దాని అమ్మకాలు 30 కోట్ల ప్రతులు దాటాయి.

వద్దన్నవాడు

వియత్నాం రాజధాని హనోయి సమీపంలో వాన్ ఫుక్ అనే గ్రామం ఉన్నది. పట్టునేతకు అది ప్రసిద్ధి. డాంగ్ న్గుయెన్ అనే యువకుడు ఆ ఊరివాడు. అతడు తల్లిదండ్రుల ఇంట్లో ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ, కొద్దిరోజుల శ్రమతో ఒక చిన్న ఆటను తయారుచేశాడు. దాని పేరు 'ఫ్లాపీ బర్డ్'. 2013 మే నెలలో అది యాప్ స్టోర్‌లో చేరింది. వేలితో ఫోన్ తెరను తాకినప్పుడల్లా ఒక పక్షి రెక్క ఆడించి పైకి లేస్తుంది. తాకకపోతే కిందికి జారుతుంది. ఆకుపచ్చని గొట్టాల సందులలో నుండి దానిని నడిపించాలి. గొట్టం తగిలిందా, ఆట ముగిసినట్లే. నియమం ఇంత సులువు, గెలుపు అంత కష్టం.

కొన్ని నెలలపాటు ఎవరూ దానిని పట్టించుకోలేదు. 2014 ఆరంభంలో హఠాత్తుగా అది అనేక దేశాలలో అగ్రస్థానానికి చేరింది. ఆట ఉచితం. తెర మీద కనిపించే ప్రకటనల ద్వారా కర్తకు ఆదాయం వచ్చేది. రోజుకు 50 వేల డాలర్లు వస్తున్నాయని న్గుయెనే ఒక పత్రికాసంస్థకు తెలిపాడు. అటువంటి సమయంలో, 2014 ఫిబ్రవరి 8న, మరో 22 గంటలలో ఆటను తొలగిస్తున్నానని అతడు ప్రకటించాడు. చెప్పినట్లే చేశాడు. తాను కోరుకున్నది కొన్ని నిమిషాల ఉల్లాసమని, అది వ్యసనంగా మారిందని, కనుక తీసివేయడమే మేలని అతడు వివరించాడు. ఆట మానలేకపోతున్నామని వాపోయిన వారి సందేశాలు అతనికి వచ్చాయి. తన నిద్ర కూడా చెడిందని చెప్పుకున్నాడు.

ఇందులో రెండు విషయాలు గమనింపదగినవి. ఉచితమన్న వస్తువుకు కూడా మూల్యం ఉంటుందన్నది మొదటిది. ఆడేవాడు రూపాయి ఇవ్వడు గాని కాలం ఇస్తాడు. ఆ కాలమే ప్రకటనదారులకు సరుకు. ఆట ఎంత సేపు కట్టిపడేస్తే అంత రాబడి. కాబట్టి ఆటగాని మేలు, కర్త లాభం ఒకే దిశలో సాగకపోవచ్చు. ఆ రెండూ విడిపోయాయని తనకు తోచిన క్షణంలో న్గుయెన్ ఆటగాని పక్షం వహించాడు. ఆట తయారుచేసేవారు చాలామంది చూడనట్లు నటించే చోట అతడు చూశాడు. ఇది త్యాగమే అయినా సంపూర్ణ సన్యాసం కాదు. అప్పటికే ఫోన్లలో చేరిన ఆట పనిచేస్తూనే ఉన్నది, దాని నుండి ఆదాయం కొంతకాలం వస్తూనే ఉన్నది. అతడు ఆ తరువాత వేరే ఆటలు కూడా తయారుచేశాడు. పని మానలేదు, హాని అనుకున్నదానిని మానాడు.

వస్తువ్యామోహం ఎంత విచిత్రమైనదో రెండవ విషయం తెలుపుతుంది. ఆట తొలగిపోగానే, అది ముందే చేరి ఉన్న పాత ఫోన్లను వేల డాలర్ల ధర చెప్పి ఈబేలో అమ్మకానికి పెట్టారు. నిన్నటి వరకు ఉచితంగా లభించినది నేడు దొరకదన్న ఒక్క కారణం చేత దాని ధర ఆకాశానికి లేచింది. ధర వేరు, విలువ వేరు అనడానికి ఇంతకంటె ఉదాహరణ అక్కరలేదు. 2024లో మరికొందరు ఆ పేరు మీద హక్కు సంపాదించి ఆటను మళ్లీ తెస్తామని ప్రకటించినప్పుడు, తనకు దానితో సంబంధం లేదని, తాను ఏమీ అమ్మలేదని న్గుయెన్ తెలియజేశాడు.

పనిలోనే నిలిచినవాడు

మూడవ వ్యక్తి అమెరికాకు చెందిన ఎరిక్ బరోన్. 2011లో కంప్యూటర్ సైన్సులో పట్టా పుచ్చుకున్నాడు గాని ఉద్యోగం దొరకలేదు. ప్రోగ్రామింగ్‌లో నైపుణ్యం పెంచుకుంటే ఉద్యోగం వస్తుందన్న ఆశతో ఒక వ్యవసాయపు ఆటను మొదలుపెట్టాడు. చిన్ననాట తాను ఇష్టపడిన 'హార్వెస్ట్ మూన్' అనే జపాన్ దేశపు ఆట అతనికి స్ఫూర్తి. కొద్ది నెలల పని అనుకున్నది నాలుగున్నర సంవత్సరాలు సాగింది. బొమ్మలు, సంగీతం, కథ, సంభాషణ, ప్రోగ్రాము అన్నీ అతనొక్కడే సమకూర్చాడు. నచ్చకపోతే గీసిన బొమ్మలను మళ్లీ మళ్లీ గీశాడు. ఆ రోజుల్లో సియాటిల్ నగరంలోని ఒక నాటకశాలలో ప్రేక్షకులకు సీట్లు చూపించే చిన్న ఉద్యోగం చేశాడు. అతని సహచరి సంపాదన ఇంటిని చాలావరకు నడిపింది. ఏకైక కర్త అని లోకం కీర్తించే ప్రతి వ్యక్తి వెనుక ఇటువంటి అండ ఒకటి ఉంటుందని మరువరాదు.

ఆ ఆట పేరు 'స్టార్‌డ్యూ వ్యాలీ'. 2016 ఫిబ్రవరి 26న విడుదలై రెండు నెలలలో దాదాపు 10 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 2024 చివరికి ఆ సంఖ్య 4 కోట్ల 10 లక్షలకు చేరింది. కంప్యూటర్ ప్రతి ధర 15 డాలర్ల లోపే. ఆ తరువాత అతడు చేర్చిన కొత్త భాగాలకు, 2024లో వచ్చిన పెద్ద మార్పులతో సహా, అదనపు మూల్యం వసూలు చేయలేదు. సంపద వచ్చిపడిన తరువాత కూడా అతడు చాలాకాలం పాత కారునే నడిపాడు. తన ఆటకు ఆధారమైన 'మోనోగేమ్' అనే సాధనం అందరికీ ఉచితంగా లభించేది. దాని అభివృద్ధి కోసం 2025లో లక్షా 25 వేల డాలర్లు విరాళమిచ్చాడు. తాను ఎక్కి వచ్చిన నిచ్చెనను తరువాతివారి కోసం బాగుచేయించడం వంటిదీ పని.

ఈ ఆట ఇతివృత్తం కూడా ధనాన్ని గురించిన ఆలోచనే. పెద్ద సంస్థలో గుమాస్తాగా విసిగిన వ్యక్తి తాత మిగిల్చిన పొలానికి చేరుకొంటాడు. ఊళ్లో ఒక పాడుబడిన సామూహిక భవనం ఉంటుంది. దానిని బాగుచేయడానికి రెండు మార్గాలున్నాయి. పొలంలో పండిన పంట, ఏటిలో పట్టిన చేప, అడవిలో ఏరిన పండు ఒక్కొక్కటిగా తెచ్చి సమర్పిస్తూ భవనాన్ని పునరుద్ధరించడం ఒక మార్గం. ఊరిని ఆక్రమిస్తున్న పెద్ద దుకాణంలో సభ్యత్వం కొని, ప్రతి సౌకర్యానికీ రొక్కం చెల్లించడం రెండవ మార్గం. అప్పుడు ఆ భవనం దుకాణపు గిడ్డంగిగా మారుతుంది. వంతెన, బస్సు వంటి సౌకర్యాలు రెండు మార్గాలలోనూ సమకూరుతాయి. రెండవది త్వరగా ముగుస్తుంది కూడా. ఆట దేనినీ నిషేధించదు. ధనంతో సాధించినదానిలో ఏమి లోపించిందో ఆడేవాడే తెలుసుకోవాలి. చెప్పకుండా చెప్పడం కావ్యధర్మమని మన ఆలంకారికులు అన్నారు. ఆ ధర్మం ఒక ఆటలో కూడా నెరవేరడం విశేషం.

ఆటకూ జూదానికీ నడుమ

2016 తరువాత డేటా ధరలు తగ్గడంతో మన దేశంలో పల్లెల దాకా స్మార్ట్‌ఫోన్ వ్యాపించింది. దానితో పాటు ఆటలూ వచ్చాయి, ఆట ముసుగులో జూదమూ వచ్చింది. డబ్బు పందెంగా సాగే ఆన్‌లైన్ రమ్మీ వంటి వాటిని అరికట్టడానికి తెలంగాణ ప్రభుత్వం 2017లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించి, డబ్బు పందెపు ఆటలను దేశమంతటా నిషేధించింది. డబ్బు పందెం లేని సామాజిక ఆటలకు, ఈ-స్పోర్ట్స్ అనే పోటీక్రీడలకు మాత్రం అదే చట్టం ప్రోత్సాహం ప్రకటించింది.

ధర్మరాజు ద్యూతసభను భారతంలో చదివిన వారికి ఈ భేదం కొత్త కాదు. ఆటలో ఓడినవాడు మళ్లీ మొదలుపెట్టగలడు. జూదంలో ఓడినవానికి ఆ అవకాశం తరుగుతూ పోతుంది. ఆట ఊహను పెంచుతుంది. జూదం ఆశను మాత్రమే పెంచుతుంది. చేతిలోని ఫోన్ ఈ రెండింటికీ ఒకే తలుపు. ఏది లోపలికి వస్తున్నదో చూసుకోవలసినవాడు ఆ ఫోన్ పట్టుకున్నవాడే.

ఎంత? ఎందుకు?

ముగ్గురి కథలూ విన్న విద్యార్థికి తానూ ఒక ఆట తయారుచేసి కోటీశ్వరుడు కావాలన్న కోరిక కలగవచ్చు. కోరిక తప్పు కాదు. కాని లోకం విజేతల కథలనే చెప్పుకొంటుందని గుర్తుంచుకోవాలి. ఏళ్ల తరబడి శ్రమించి విడుదల చేసిన ఆటలను ఎవరూ చూడకపోవడం ఈ రంగంలో నిత్యం జరిగే విషయం. తలుపు అందరికీ తెరిచి ఉండటం చేత లోపల రద్దీ కూడా పెరిగింది. బరోన్ వంటి ప్రతిభ, శ్రమ ఉండి కూడా నిలదొక్కుకోలేని వారు ఉంటారు. కనుక ఆస్తిని బట్టి ప్రతిభను, ప్రతిభను బట్టి ఆస్తిని లెక్కగట్టడం పొరపాటు.

మూడు దారులను పక్కపక్కన నిలిపి చూస్తే ఒక విషయం తేటతెల్లమవుతుంది. ముగ్గురికీ ధనం వచ్చింది. పెర్సన్ ధనం తీసుకొని పనిని విడిచాడు. న్గుయెన్ పని వల్ల హాని కలుగుతున్నదని తోచి ధనాన్ని వదులుకున్నాడు. బరోన్ ధనాన్ని పక్కన ఉంచి పనిలోనే కొనసాగాడు. వీరిలో ఒకరిని దోషి అని, మరొకరిని ఋషి అని నిర్ణయించనక్కరలేదు. నిందల భారం మోయలేక పెర్సన్ తప్పుకోవడం మానవసహజం. అతని స్థితిలో లేనివారు తీర్పు చెప్పడం సులభం. అయితే అతని నిజాయితీ వల్లనే ఒక సత్యం బయటపడింది. ధనం మనిషికి పనిచేయవలసిన అగత్యాన్ని తొలగించగలదు గాని పనిచేయాలన్న కారణాన్ని ఇవ్వలేదు. ఆ కారణాన్ని మనిషి తానే వెతుక్కోవాలి, ధనం రాకముందే వెతుక్కోవడం మేలు.

'ఎంత సంపాదిస్తావు?' అన్నది ఇంటర్మీడియట్ చదివే విద్యార్థిని చుట్టాలందరూ అడిగే ప్రశ్న. ప్రశ్న సరైనదే. ఇల్లు గడవాలి, తల్లిదండ్రుల అప్పు తీరాలి, చెల్లెలి చదువు సాగాలి. ఈ అవసరాలు తీరేదాకా 'ఎంత' అన్న ప్రశ్నకే ముందు చోటు. కాని అవసరం తీరిన మరునాడు 'ఎందుకు' అన్న ప్రశ్న వచ్చి వాకిట నిలుచుంటుంది. దానికి సమాధానం ఏ దుకాణంలోనూ లభించదు, ఏ ఫోన్‌లోనూ దిగుమతి కాదు. అర్థం సంపాదించడానికి చదువు తోడ్పడుతుంది. దాని అర్థం తెలుసుకోవడానికి కూడా తోడ్పడినప్పుడే ఆ చదువు సార్థకం.

కఠిన పదాలు – అర్థాలు

యాదృచ్ఛికం : అనుకోకుండా జరిగినది
కృతిభర్త : కావ్యాన్ని అంకితం పొందినవాడు
కృతికర్త : కావ్యాన్ని రచించినవాడు
భుక్తి : తిండి, జీవనాధారం
ఘనం : ఆరు సమాన చదరపు ముఖాలు గల ఆకృతి
లాభాంశం : లాభంలో వాటా
మూల్యం : వెల
ద్యూతం : జూదం
ఆలంకారికులు : కావ్యశాస్త్రవేత్తలు
అగత్యం : తప్పనిసరి అవసరం
సార్థకం : ప్రయోజనం కలది

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పెర్సన్, న్గుయెన్, బరోన్ సంపద విషయంలో అనుసరించిన మార్గాలను పోల్చి వివరించండి.
2. ఆన్‌లైన్ వేదికలు స్వతంత్ర క్రీడాకర్తలకు ఏ విధంగా తోడ్పడ్డాయి? పూర్వకవుల స్థితితో పోల్చి రాయండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు రాయండి.
1. ఉచితమైన ఆటకు కూడా మూల్యం ఉంటుందని రచయిత ఎందుకన్నారు?
2. 'స్టార్‌డ్యూ వ్యాలీ'లోని రెండు మార్గాలను వివరించండి.
3. ఆటకూ జూదానికీ గల భేదమేమిటి?
4. న్గుయెన్ తన ఆటను తొలగించడం సరైనదేనా? మీ అభిప్రాయాన్ని కారణాలతో రాయండి.

III. కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. కలహంతో పాటు అనుబంధం కూడా పోయింది.
2. పని మానలేదు, హాని అనుకున్నదానిని మానాడు.
3. తాను ఎక్కి వచ్చిన నిచ్చెనను తరువాతివారి కోసం బాగుచేయించడం వంటిదీ పని.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. హరవిలాసాన్ని శ్రీనాథుడు ఎవరికి అంకితమిచ్చాడు?
2. మోజాంగ్‌ను మైక్రోసాఫ్ట్ ఎంత ధరకు కొన్నది?
3. వాన్ ఫుక్ గ్రామం దేనికి ప్రసిద్ధి?
4. బరోన్‌కు స్ఫూర్తినిచ్చిన ఆట ఏది?

V. భాషాంశాలు
1. సంధులు : జీవనోపాధి = జీవన + ఉపాధి (గుణసంధి). ఏకైక = ఏక + ఏక (వృద్ధిసంధి). విద్యార్థి = విద్యా + అర్థి (సవర్ణదీర్ఘసంధి). ఇదే విధంగా 'పురుషార్థం', 'కోటీశ్వరుడు' పదాలను విడదీసి సంధి పేర్లు రాయండి.
2. సమాసాలు : తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును (ద్వంద్వ సమాసం). మూడు దారులు – మూడైన దారులు (ద్విగు సమాసం). ఇదే విధంగా 'ధనవ్యామోహం', 'బాల్యక్రీడ' పదాలకు విగ్రహవాక్యాలు రాసి సమాసనామాలు తెలపండి.
3. 'అర్థం' వలె ఒకటికంటె ఎక్కువ అర్థాలు గల ఐదు తెలుగు పదాలను సేకరించి సొంతవాక్యాలలో ప్రయోగించండి.